ఎస్తేరు మేడం చెరిపేసిన గ్రహం

పోయిన నెల కర్నూలు నుంచి బస్సులో వెళ్తున్నాను. ఓర్వకల్లు దాటాక, ఫ్యాక్టరీల కోసం చదును చేస్తున్న నేల దగ్గర బస్సు కాసేపు ఆగింది. రోడ్డు పక్కనే పెద్ద బండను యంత్రంతో తొలుస్తున్నారు. తెల్లటి రాతిపొడి లేచి కిటికీల్లోంచి లోపలికి వచ్చింది. అందరూ కొంగులూ తువ్వాళ్ళూ ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. నేను ఆలస్యం చేశాను. పెదాల మీద పడిన పొడి నాలుకకు తగిలింది. నిప్పురవ్వ వాసన కలిసిన చప్పటి రుచి. పళ్ళ మధ్య సన్నగా కరకరలాడింది. బస్సు కదిలినా నేను నీళ్ళు తాగి దాన్ని కడుక్కోలేదు. పన్నెండేళ్ళ కిందట ఆ బండల మీదే నిలబడి, అరచేతిలో అదే పొడి పోసుకుని, లోకాలు ఎట్లా పుడతాయో మాకు చెప్పిన మనిషి గుర్తొచ్చింది. ఆమెను మేమంతా ఎస్తేరు మేడం అనేవాళ్ళం.

ఆమె కర్నూల్లోని మా ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్స్ చెప్పేది. ఓర్వకల్లు దగ్గరి ఒక పల్లెలో, రోడ్ల కోసం కంకర కొట్టే ఇంట్లో పుట్టింది. చదువులో ఒక్కొక్క మెట్టే ఎక్కి బెంగుళూరులో డాక్టరేట్ చేసింది. దూరపు నక్షత్రాల పక్కన ఉండే గ్రహాలను నేరుగా ఫోటో తీయడం ఆమె పరిశోధన. అక్కడే ఉద్యోగం దొరికే అవకాశం ఉన్నా తిరిగి వచ్చేసింది. ఎందుకొచ్చారని నేనొకసారి అడిగితే, "మన తట్టు ఆడపిల్లలకు ఏమన్నా అనుమానమొస్తే అడిగేదానికి ఒక మనిషి ఉండల్ల గదా" అంది. పొట్టి మనిషి. ఇస్త్రీ లేని నూలు చీర, ఎడమ చేతికి మగవాళ్ళ గడియారం. తరగతిలో గట్టిగా మాట్లాడేది కాదు. వినాలంటే మేమే నోరు మూసుకోవాలి. తప్పు చెప్పిన పిల్లను తిట్టకుండా, ఆ పిల్ల ముఖంలోకి అట్లాగే చూస్తూ ఉండేది. ఆ చూపుకు మాకు చచ్చేంత భయం. ఆ భయం సంగతి మళ్ళీ చెప్పవలసి వస్తుంది.

ఎమ్మెస్సీ మొదటి ఏడు ఒక చలికాలపు ఉదయం ఆమె మమ్మల్ని ఓర్వకల్లు బండల దగ్గరికి తీసుకెళ్ళింది. పిక్నిక్ అని మేమనుకున్నాం, పాఠమని ఆమె అనుకుంది. బండ కింద రాలిన పొడిని పిడికెడు తీసి చూపించింది. "కొత్తగా పుట్టిన నక్షత్రం చుట్టూ ఇట్లాటి దుమ్మే చక్రం మాదిరి తిరుగుతా ఉంటాది. ఆ దుమ్ము ఒకదానికొకటి అంటుకుంటాది. ముందు నలుసు, తరువాత గులకరాయి, తరువాత కొండ. అట్ల అట్ల గ్రహమైతాది. మా నాయన కొండను దుమ్ము చేసినాడు. ఆడ దుమ్ము కొండైతాది" అంది. మేము నవ్వాం. ఆమె నవ్వలేదు. ఆ తర్వాత ఒక నిలువు బండ నీడలోకి మమ్మల్ని పిలిచి, సూర్యుడు సరిగ్గా బండ వెనక దాగేలా నిలబెట్టింది. అంతవరకు ఎండలో కనపడని సాలెగూడు ఒకటి బండ అంచున వెలుగుతూ కనిపించింది. "చూసినారా? వెలుగు ఎక్కువైతే పక్కనుండేది అగపడదు. టెలిస్కోపు లోపల ఒక చిన్న పలక పెట్టి నక్షత్రాన్ని కప్పుతాం. అప్పుడు దాని పక్కనుండే గ్రహం, అదీ పసిది, ఇంకా వేడి ఆరనిది, చిన్న చుక్క మాదిరి అగపడతాది. అదీ అదృష్టముంటే." ఆలూరు అవతలి పల్లె నుంచి, శనక్కాయ చేలలోంచి వచ్చిన నాకు ఆ రోజు దాకా గ్రహం అంటే జాతకంలో ఉండే మాట. దాన్ని ఫోటో తీయవచ్చని, ఆ పని చేసే మనిషి నా ముందే నిలబడి ఉందని తెలిసి, తిరుగు బస్సులో కిటికీలోంచి ఆకాశం వైపే చూస్తూ కూర్చున్నాను.

ఆ ఏడాదే ఆమెకు అదృష్టం పట్టిందనుకున్నాం. పెద్ద టెలిస్కోపుతో పనిచేసే బెంగుళూరు మిత్రులు పంపిన చిత్రాల్లో, ఒక పసి నక్షత్రం పక్కన, దుమ్ము చక్రానికి కొంచెం అవతల, ఆమెకు ఒక చుక్క కనిపించింది. నెలల తరబడి లెక్కలు వేసి, ఇది ఆ నక్షత్రపు గ్రహం కావచ్చు అని ఒక పత్రం రాసింది. కావచ్చు అన్న మాట ఆ పత్రంలో చాలాచోట్ల ఉంది. మా ఊరి పేపర్లలో మాత్రం ఒక్కచోట కూడా లేదు. 'కొత్త గ్రహాన్ని కనిపెట్టిన కంకర కూలీ బిడ్డ' అని ఆమె ఫోటోతో వేశారు. కాలేజీ గేటుకు బ్యానర్ కట్టారు. ఆమె పల్లెలోని చర్చిలో ఆదివారం ప్రార్థన అయ్యాక శాలువా కప్పారు. ఆమె నాన్న యాకోబు తాత మెడలో కూడా దండ వేశారట. ఆయన ఆ పేపరు ముక్కకు ప్లాస్టిక్ తొడుగు వేయించి, ఊళ్ళో ఎదురైన ప్రతి మనిషికీ చూపించాడట. ఈ సంగతులు మేడమే ఒకరోజు సిగ్గుపడుతూ చెప్పింది. ఆమె ముఖంలో అంత సంతోషం నేను అంతకు ముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

రెండో ఏడు ప్రాజెక్టుకు నన్ను తన దగ్గర తీసుకుంది. అదే నక్షత్రాన్ని మళ్ళీ తీసిన చిత్రాలు అప్పుడే వచ్చాయి. వాటిని శుభ్రం చేసి, చుక్క ఎంత కదిలిందో కొలవడం నా పని. ఎందుకు కొలవాలో ఆమె నాకు బస్సు ఉదాహరణతో చెప్పింది. "నువ్వు బస్సులో పోతాండావనుకో. పక్క సీట్లో ఉండేటామె నీతోపాటే వస్తాది. కిటికీలో అగపడే కొండ నీతో రాదు. నక్షత్రం ఏటేటా రవ్వంత జరుగుతా ఉంటాది. చుక్క దాంతోపాటు జరిగితే దాని గ్రహం. జరగకుంటే యాడో వెనక శానా దూరంలో ఉండే వేరే నక్షత్రం." చెప్పి నా భుజం తట్టి, "జరుగుతాదిలే" అంది.

జరగలేదు. లాబ్ పక్క గదిలో ఒక మధ్యాహ్నం ఫ్యాను కింద కూర్చుని నేను ఆ లెక్క పూర్తి చేశాను. నక్షత్రం తన దారిన కొంచెం ముందుకు పోయింది. చుక్క ఎక్కడ ఉన్నదో అక్కడే ఉండిపోయింది. నేనే తప్పు చేశాననుకుని మొదటి నుంచి మళ్ళీ చేశాను. మరో పద్ధతిలో చేశాను. ఎన్నిసార్లు చేసినా అదే జవాబు. అది గ్రహం కాదు. ఆమె శాలువా, గేటు మీది బ్యానర్, యాకోబు తాత చేతిలోని కాగితం, అన్నీ నా ముందున్న ఆ ఒక్క అంకె మీద నిలబడి ఉన్నాయని అనిపించింది. దాన్ని నేనెట్లా చెప్పను? ఆమె రోజూ గదిలోకి తొంగిచూసి "ఎందాకా వచ్చినావు?" అని అడిగేది. "ఇంకా చేస్తాండా మేడం" అనేదాన్ని. హాస్టల్లో అన్నం సహించేది కాదు. పదకొండు రోజులు అట్లా గడిపాను. ఒకరోజు ఫైలంతా చెరిపేసి, చిత్రాలు పాడయ్యాయని చెబుదామా అనుకున్నాను కూడా. ఆ ఆలోచన వచ్చిన మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

పన్నెండో రోజు ఉదయం ఆమె గది గుమ్మంలో నిలబడ్డాను.

"మేడం, ఆ చుక్క..."

"ఏమైనాది?"

"కదల్లేదు మేడం."

ఆమె చదువుతున్న పుస్తకం మూసింది. నా ముఖంలోకి చూసింది. ఏడుపు ఆపుకోవడం నాకు చేతకాలేదు. ఆమె లేచి వచ్చి నా చేతిలోని ల్యాప్‌టాప్ అందుకుని, "నువ్వు పోయి అన్నం తిను. నేను చూస్తా" అంది. ఆ రోజు ఆమె క్లాసులకు రాలేదు. సాయంత్రం కాలేజీ వదిలే బెల్లు కొట్టాక పిలిచింది. బల్ల నిండా కాగితాలు. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం మామూలుగా ఉంది.

"నాకూ అదే వచ్చినాది. నీ లెక్కలో తప్పు లేదు నాగలక్ష్మీ. శానా శుభ్రంగా చేసినావు."

గేటు ఎదుటి బండి దగ్గర నాకు టీ ఇప్పించింది. తను ఒక గ్లాసు తీసుకుని తాగకుండా పట్టుకుని నిలబడింది. కాసేపయ్యాక అడిగింది.

"నీకు ఎప్పుడు తెల్సినాది?"

"నిన్ననే మేడం."

ఆమె తలూపింది. తాగని గ్లాసు బండి మీద పెట్టేసింది.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని ప్రిన్సిపాల్ గదికి వెళ్ళింది. ఆయన చెడ్డవాడు కాదు. కాలేజీకి మంచి పేరు రావాలని కష్టపడే మనిషి. ఆ నెలలోనే కాలేజీకి తనిఖీ కమిటీ రావలసి ఉంది. ఆమె చెప్పిందంతా విని, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఒక్క నెల ఆగమ్మా. కమిటీ వచ్చి పోనీ. ఆపైన నీ ఇష్టం."

"వాళ్ళకు మనమిచ్చే రిపోర్టులో మొదటి పేజీలోనే ఆ గ్రహం ఉండాది సార్."

"ఉంటే ఏమి? ఆకాశంలోకి పోయి ఎవరు చూసొచ్చినారు?"

"ఈ పిల్ల చూసినాది సార్."

ఆయన నా వైపు చూశాడు. నేను నేల చూశాను. ఆయన కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. చివరికి, "నీ పేరే పోతాది ఎస్తేరమ్మా. నాకేముండాది?" అన్నాడు. ఆ మాటలో కోపం కంటే బాధే ఎక్కువగా వినిపించింది. బయటికొచ్చాక మెట్ల మీద ఆమె ఒక నిమిషం కూర్చుంది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, "ఇది సులభమే. ఆదివారం ఉండాది చూడు, అదే కష్టం" అంది.

ఆ ఆదివారం తనతో రమ్మంది. చర్చిలో నేను కూర్చోవడం అదే మొదటిసారి. రేకుల కప్పు, గోడలకు నీలం సున్నం, నేల మీద చాపలు. ఒకవైపు ఆడవాళ్ళు, ఒకవైపు మగవాళ్ళు. యాకోబు తాత ముందు వరసలో, ఉతికిన పంచె కట్టుకుని, కర్ర పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. బైబిలు వాక్యం చెప్పడం అయిపోయాక ఎవరైనా సాక్ష్యం చెప్పేదుంటే చెప్పమని పాస్టరుగారు అడిగారు. జబ్బు నయమైనవాళ్ళు, కొడుక్కి పని దొరికినవాళ్ళు లేచి చెప్పడం అక్కడి అలవాటు. మేడం లేచింది. ఎప్పటిలాగే మెల్లగా మాట్లాడింది. జనమే నోరు మూసుకున్నారు.

"పోయినేడు ఈడనే మీరు నాకు శాలువా కప్పినారు. నేను కొత్త గ్రహం కనుక్కున్నానని పేపర్లో వచ్చినాది. అది గ్రహం గాదు. శానా దూరంలో ఉండే వేరే నక్షత్రం. ఈ పాప లెక్కగట్టి చూపించినాది. నేను గూడా చేసి చూసినా. నేను రాసిందాంట్లో కావచ్చు అని ఉండాది. పేపరోళ్ళు ఆ మాట తీసేసినారు. తీసేసినారని నాకు ఆ పొద్దే తెల్సు. తెల్సి గూడా ఊరుకున్నా. మా నాయన ఆ కాగితం పట్టుకోని తిరుగుతాంటే నాకు బాగనిపించినాది. అందుకని ఊరుకున్నా. ఆ తప్పు నాది. మీతో చెప్పల్లని వచ్చినా."

వెనక వరసలోంచి ఒక ముసలావిడ అడిగింది. "అయితే నువ్వు చదివిందంతా దండగేనా పాపా?"

"కాదవ్వా. కాదని తెల్సుకునేదానికి గూడా అంతే చదువు గావల్ల."

పాస్టరుగారు ఏం చేయాలో తెలియక ప్రార్థన చేద్దామన్నారు. అందరూ తలలు వంచారు. యాకోబు తాత మాత్రం తల వంచకుండా కూతురి వైపే చూస్తూ ఉన్నాడు. నాకు మళ్ళీ ఆయన వైపు చూసే ధైర్యం లేకపోయింది.

ఆ తర్వాత వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాం. ఒక్క గది, ముందు చిన్న పంచ. గడప ఎదురుగా గోడకు ఆ పేపరు ముక్క వేలాడుతోంది. మేడం దాని ముందు ఆగి, "నాయనా, ఇది తీసేద్దాం" అంది. ముసలాయన మంచం మీద కూర్చుని కాళ్ళు చాపుకున్నాడు. ఏళ్ళ తరబడి సమ్మెట పట్టిన చేతులు, వేళ్ళు పూర్తిగా ముడుచుకోవు.

"ఎందుకు తీసేది?"

"దాంట్లో రాసింది నిజం గాదు గదా."

"ఏం రాసినారో నాకేం తెల్సు? అచ్చరాలు నాకు రావు గదమ్మా. నీ ఫోటో బాగుండాది. దానికోసరం పెట్టుకున్నా." మళ్ళీ ఆయనే అడిగాడు. "ఆ నచ్చత్రం ఇంతకు ముందు ఎవురికన్నా తెల్సునా?"

"తెలీకపోవచ్చు నాయనా. అట్లాటివి లెక్కలేనన్ని ఉండాయి."

"ఉండనీ. ఇది మనకు తెల్సినాది గదా. అన్నం పెట్టు, ఆ పాప ఆకలితో ఉండాది."

మేడం వంట మూలకు తిరిగి, మాకు వీపు పెట్టి, చాలాసేపు సంగటి ముద్దలు చేసింది. మూడు ముద్దలకు అంతసేపు పట్టదు. నేను చూడనట్టు కూర్చున్నాను.

ఆ చుక్క గ్రహం కాదని చెప్పే పత్రాన్ని మేమిద్దరం కలిసి రాశాం. నా పేరు ముందు పెట్టింది. వద్దన్నాను. "లెక్క ఎవరిదో పేరు వాళ్ళది" అంది. ఆ పత్రం వల్లే నాకు బెంగుళూరులో పరిశోధనకు చోటు దొరికింది. ఆమెకు మాత్రం చాలా పోయింది. ఆమె అడిగిన పరిశోధన ప్రాజెక్టు మంజూరు కాలేదు. శాఖాధిపతి పదవి మరొకరికి వెళ్ళింది. స్టాఫ్ రూములో ఒకరిద్దరు వెనక నుంచి 'గ్రహం మేడం' అని పిలవడం నేనే విన్నాను. ఆమె కూడా వినే ఉంటుంది. మరుసటి ఏడు కూడా పిల్లలను ఓర్వకల్లు తీసుకెళ్ళింది. దుమ్ము కొండ ఎట్లా అవుతుందో మళ్ళీ చెప్పింది. మిత్రులు పంపిన చిత్రాలను కాలేజీలోని పాత కంప్యూటర్లోనే చూస్తూ, వేరే నక్షత్రాల పక్కన వెతుకుతూనే ఉంది. ఏదీ దొరకలేదు. ఫోన్ చేసినప్పుడల్లా "ఏమన్నా అగపడినాదా మేడం?" అని నేనడగడం, "దుమ్ము అగపడినాది" అని ఆమె అనడం మాకు అలవాటైపోయింది. ఆ దుమ్ము చక్రాల గురించి ఆమె రాసిన చిన్న చిన్న పత్రాలు ఇప్పుడు మా పనిలో వాడుకుంటున్నాం. అప్పట్లో వాటిని ఎవరూ పట్టించుకోలేదు.

నాలుగేళ్ళ తర్వాత ఆమెకు కాన్సరని తెలిసింది. ఆలస్యంగా తెలిసింది. ఆమె చెల్లెలు కడపలో నర్సు. అక్కడే ఉంచి వైద్యం చేయించారు. నేను బెంగుళూరు నుంచి వెళ్ళేసరికి మేడం కిటికీ పక్క మంచంలో పడుకుని ఉంది. జుట్టు లేదు. గడియారం చేతికి వదులై మోచేతి దాకా జారుతోంది. నా పని గురించి అడిగింది. కొత్త చిత్రాలు చూపించాను. ఒక్కొక్కదాన్నీ కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసి, ఒకచోట నా లెక్క సరిగా లేదని చెప్పింది. నిజంగానే సరిగా లేదు. చెల్లెలు మందులు తేవడానికి బయటికి వెళ్ళాక నా వైపు తిరిగింది.

"నిన్నొక మాట అడగల్ల. ఆ పొద్దు టీ బండి కాడ, నిన్ననే తెల్సినాది అన్నావు."

నేను చేతిలోని చిత్రాలు సర్దడం మొదలుపెట్టాను.

"ఫైలు మీద తేదీ ఉండాది గదా. ఆ దినమే చూసినా. పదకొండు దినాలు."

"మీరు బాధపడతారని మేడం... భయమేసింది."

"నాకు తెల్సు. నీ మీద కోపం లేదు. ఇన్నేళ్ళూ నేను ఆలోచించింది వేరే. గ్రహం పోయినందుకు అంత బాధ లేదు నాకు. ఒక పిల్ల నిజం చేతిలో పెట్టుకోని, నాకు చెప్పేదానికి పదకొండు దినాలు అన్నం తినకుండా తిరిగినాది. అట్ల నేనెందుకు కనపడినా నీకు?" ఊపిరి అందక ఆగింది. నేను నీళ్ళు తాగించాను. "మీరు తప్పు చెప్తే నేను చూసే చూపు ఉండాది గదా. అది మంచిదే అనుకుంటి. మీరు జాగ్రత్తగా చేస్తారనుకుంటి. అది గాదు. నువ్వు రేపు పాఠం చెప్తావు. నీ కాడికి రావల్లంటే ఎవురూ భయపడకుండా ఉండల్ల. అది నాకు చేతగాలేదు. నువ్వు నేర్చుకో."

ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆ చేతిలో బరువు లేదు. మూడు వారాల తర్వాత ఆమె పోయింది. సొంత పల్లెలో, ఆ నీలం గోడల చర్చి వెనక, వాళ్ళమ్మ సమాధి పక్కన పూడ్చారు. యాకోబు తాత పిడికెడు మట్టి వేసి, చేయి దులుపుకోకుండా అట్లాగే నిలబడిపోయాడు.

ఇప్పుడు నా దగ్గర ముగ్గురు విద్యార్థులు పరిశోధన చేస్తున్నారు. మేమూ పసి నక్షత్రాల పక్కన చుక్కలు వెతుకుతున్నాం. వెతికిన వాటిలో చాలా మటుకు గ్రహాలు కావు. కాదని తెలిసిన ప్రతిసారీ దాన్ని రాసి పెడతాం. అది ఆమె దగ్గర సులభంగానే నేర్చుకున్నాను. రెండోదే, ఎవరూ భయపడకుండా నా దగ్గరికి వచ్చేలా ఉండటం, ఇంకా రాలేదు. తప్పు వింటున్నప్పుడు నా ముఖం ఎట్లా మారుతుందో నాకు కనపడదు. అద్దం ముందు నిలబడి చూసుకున్న రోజులు కూడా ఉన్నాయి. అందుకని ఎవరైనా పనిలో పొరపాటు చెప్పడానికి వచ్చినప్పుడు, విన్నాక, "నీకు ఇది ఎప్పుడు తెలిసింది?" అని అడుగుతాను. అది వాళ్ళను తప్పుపట్టడానికి కాదని ముందే చెబుతాను. మొన్న ఒక అమ్మాయి వచ్చి, మేము మూడు నెలలుగా ఆశ పెట్టుకున్న చుక్క టెలిస్కోపులో చెదిరిన వెలుగేనని చూపించింది. ఎప్పుడు తెలిసిందని అడిగాను. కాసేపు తటపటాయించి, నాలుగు రోజులైంది మేడం అంది. నిజమే చెప్పింది. కూర్చోమని కుర్చీ లాగాను. నాలుగు రోజులు. నా పదకొండు కంటే తక్కువే, అయినా ఇంకా ఎక్కువే.